పద్దెనిమిదేళ్లు నిండబోతున్న పెళుసు ఎముకల పిల్లని ఇక ఏ డాక్టర్‌కి చూపించాలి?

తెనాలి నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. వాళ్లమ్మాయికి పదిహేడేళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. పుట్టుకతోనే ఆస్టియోజెనిసిస్ ఇంపర్ఫెక్టా, అంటే పెళుసు ఎముకల జబ్బు. చిన్నప్పుడు చాలాసార్లు ఎముకలు విరిగాయి, రెండు తొడల్లో రాడ్లున్నాయి, నాలుగో ఏటి నుంచి సెలైన్‌లో మందు ఎక్కిస్తున్నారు. ఇన్నాళ్లూ చూసిన పిల్లల డాక్టర్ "వచ్చే ఏడు పద్దెనిమిది నిండుతాయి కదా, ఇక పెద్దవాళ్ల డాక్టర్‌కి చూపించుకోండి" అన్నారట. ఎవరికి చూపించాలి, రెండేళ్లుగా ఏమీ విరగలేదు కాబట్టి అసలు చూపించడం అవసరమా, బీటెక్‌కి హాస్టల్లో పెట్టొచ్చా అని అడిగారు. చివర్లో మొహమాటపడుతూ ఇంకొకటి, పెళ్లీ పిల్లల సంగతేమిటని.

నేను గుంటూరులో ఎండోక్రైనాలజిస్టుని. జనం మమ్మల్ని షుగరు, థైరాయిడ్ డాక్టర్లంటారు, ఎముకల లోపలి జబ్బులు కూడా మా కిందికే వస్తాయని చాలామందికి తెలియదు. ఇలాంటి పిల్లలు పెద్దవాళ్లయ్యాక మా దగ్గరికి వస్తారు, లేదా రావలసి ఉండి రాకుండా పోతారు. ఆ రెండో రకం వాళ్ల గురించే నాకు ఎక్కువ దిగులు, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు సూటిగా ఒక మాట. డాక్టర్‌ని వెతకడం ఆఖరి పని అమ్మా. ఈ ఏడాదిలో మీరు చేయాల్సిన మొదటి పని, పదిహేడేళ్లుగా మీ తలలో ఉన్న పిల్ల జబ్బు చరిత్రంతా మీ అమ్మాయి తలలోకి, ఒక రెండు పేజీల కాగితంలోకి ఎక్కించడం. ఎప్పుడు ఏ ఎముక విరిగింది, ఏ మందు పడలేదు, ఏ చెయ్యి పట్టుకుని లేపకూడదు, ఇవన్నీ ఇవాళ మీకొక్కరికే తెలుసు. అది జరగకుండా ఎంత పెద్ద డాక్టర్ దగ్గరికి వెళ్లినా ఆయన మొదటి రోజు నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

పద్దెనిమిదో పుట్టినరోజు అనేది ఆసుపత్రుల లెక్క, ఎముకల లెక్క కాదు. కొన్ని ఆసుపత్రుల్లో పిల్లల విభాగం పన్నెండేళ్లకే ఆపేస్తుంది, కొన్నిచోట్ల పద్నాలుగు, కొన్నిచోట్ల పద్దెనిమిది. ప్రభుత్వం తరఫున స్కూళ్లకి వచ్చి చూసే ఆర్‌బీఎస్‌కే పథకం కూడా పద్దెనిమిది దాకానే. బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పదమూడు, పద్నాలుగేళ్లకే ఈ మార్పు గురించి మాట మొదలుపెట్టాలని ఉంది. మన దగ్గర ఆ వయసులో ఏ స్కూలు, ఏ ఫౌండేషన్ కోర్సు అన్న గొడవలోనే ఉంటాం కాబట్టి ఎవరూ మొదలుపెట్టరు, సరే, పదిహేడులో మొదలుపెట్టినా ఆలస్యమేమీ కాదు. కానీ మారే సమయం మాత్రం జాగ్రత్తగా ఎంచుకోండి. మార్చిలో ఇంటర్ పరీక్షలు, ఆ వెంటనే ఈఏపీసెట్, ఆ హడావిడిలో వద్దు. ఏదైనా విరిగి కట్టుతో ఉన్న నెలలో అసలు వద్దు. అంతా సవ్యంగా ఉన్నప్పుడు వెళ్తే కొత్త డాక్టర్‌కి పిల్ల మామూలుగా ఎలా ఉంటుందో తెలుస్తుంది, తర్వాత తేడా వస్తే ఆ తేడా పట్టుకోగలుగుతారు. పాత డాక్టర్‌ని ఒక్కసారిగా వదిలేయక్కర్లేదు, కొన్నాళ్లు ఇద్దరి దగ్గరికీ వెళ్లండి. ఎవరూ ఏమీ అనుకోరు. అనుకుంటారనేది మన మొహమాటం.

"రెండేళ్లుగా ఏమీ విరగలేదు" అన్నారు చూడండి, అసలు చిక్కంతా ఆ మాట దగ్గరే ఉంది. ఈ జబ్బులో యుక్తవయసు దాటాక విరగడం బాగా తగ్గుతుంది. ఎదుగుదల ఆగుతుంది, ఎముక కొంత మందమవుతుంది, పిల్లకీ ఎక్కడ ఎలా అడుగేయాలో అలవాటవుతుంది. ఇంట్లోవాళ్లు గండం గడిచిందనుకుని ఫైలు బీరువా పైన పెట్టేస్తారు. కానీ లోపల కారణం అలాగే ఉంటుంది. ఎక్కువమందిలో కోల్1ఎ1, కోల్1ఎ2 అనే రెండు జన్యువుల్లో ఏదో ఒకదానిలో తేడా వల్ల ఎముకకి బలాన్నిచ్చే టైప్ 1 కొల్లాజెన్ అనే ప్రొటీన్ తక్కువగానో, వంకరగానో తయారవుతుంది. అదే కొల్లాజెన్ పళ్లలో, చెవిలో, గుండె కవాటాల్లో, చర్మంలో కూడా ఉంటుంది. అందుకే ఇరవైల్లో, ముప్ఫైల్లో జబ్బు వేషం మార్చుకుని వస్తుంది, చెవుడుగా, నడుం నొప్పిగా, ఆయాసంగా. ఆడవాళ్లకి నెలసరి ఆగిపోయాక విరగడం మళ్లీ పెరుగుతుంది. మధ్యలో ఆ పదేళ్లూ పదిహేనేళ్లూ ఏ డాక్టర్ కంటా పడని వాళ్లు ముప్ఫై దాటాక గర్భంతోనో, సరిగ్గా వినపడక ఉద్యోగంలో ఇబ్బంది పడుతూనో వస్తారు. అప్పుడు పాత కాగితం ఒక్కటీ దొరకదు.

ఇక ఎవరికి చూపించాలన్న సంగతి. పిల్లల డాక్టర్ దగ్గర ఉన్న సుఖం ఏమిటంటే ఒక్క మనిషే అన్నీ చూస్తాడు, జ్వరమొచ్చినా ఆయనే, సెలైన్ ఎక్కించినా ఆయనే, సర్జన్‌కి ఫోన్ చేసేదీ ఆయనే. పెద్దవాళ్ల వైద్యంలో ఎముక ఒకరిది, చెవి ఒకరిది, పన్ను ఒకరిది, గర్భం ఇంకొకరిది. కాబట్టి వీళ్లందరిలో ఒకరిని ప్రధాన డాక్టర్‌గా పెట్టుకోవాలి. ఎండోక్రైనాలజిస్ట్ కావచ్చు, కీళ్ల జబ్బులు చూసే రుమటాలజిస్ట్ కావచ్చు, శ్రద్ధ ఉన్న జనరల్ ఫిజీషియన్ అయినా సరిపోతుంది. ఎముకల సర్జన్‌ని మాత్రం ప్రధాన డాక్టర్‌గా పెట్టుకోవద్దంటాను, సర్జన్లంటే గౌరవం లేక కాదు, వాళ్ల ఓపీలో విరిగినవాళ్లకే చోటు సరిపోదు, విరగనివాళ్లని కూర్చోబెట్టి మాట్లాడే తీరిక వాళ్లకి ఎక్కడిది?

విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో ఏ వీధిలోకి వెళ్లినా బోర్డులకి కొదవలేదు. మా ఓపీల్లో తొంభై పాళ్లు షుగరు, థైరాయిడే, పొద్దున్న వెళ్తే మీకు ఐదు నిమిషాలు కూడా దొరకవు. ముందు ఫోన్ చేసి "పుట్టుకతో వచ్చిన ఎముకల జబ్బు, పెద్ద ఫైలు ఉంది, కొంచెం ఎక్కువ టైం కావాలి" అని చెప్పి సాయంత్రం చివరి టోకెన్ అడగండి. మొదటిసారి వెళ్లినప్పుడు ఆ డాక్టర్ ఇలాంటివాళ్లని ఎంతమందిని చూశారని అడగొచ్చు, తప్పులేదు. పదిహేను, ఇరవై వేల పుట్టుకల్లో ఒకరికి వచ్చే జబ్బు కాబట్టి తక్కువమందినే చూసి ఉంటారు, దానికి కంగారు పడక్కర్లేదు. నేనైతే రెండు సంగతులు గమనించమంటాను. పాత డాక్టర్ నంబర్ ఇస్తే తీసుకుని మాట్లాడతానన్నారా, లేక "అదంతా అక్కర్లేదు, నేను చూసుకుంటా" అన్నారా? పిల్లతో మాట్లాడారా, మీతోనే మాట్లాడారా? రెండింటికీ సమాధానం బాగుంటే అక్కడ ఉండిపోండి.

డబ్బు దగ్గర ఇబ్బంది ఉంటే, లేకపోయినా సరే, గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) గానీ మంగళగిరి ఎయిమ్స్ గానీ ఆలోచించండి. తెనాలి నుంచి రెండూ దగ్గరే. లైన్లో నిలబడాలి నిజమే, కానీ ఎముకలు, చెవి, పళ్లు, గుండె, గైనిక్ అన్నీ ఒకే చోట ఉండటం ఈ జబ్బులో చాలా పెద్ద లాభం. హైదరాబాద్ నిమ్స్ కూడా గుర్తుపెట్టుకోండి. కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చిన అరుదైన జబ్బుల పాలసీలో ఆస్టియోజెనిసిస్ ఇంపర్ఫెక్టాకి బిస్‌ఫాస్ఫొనేట్ (పామిడ్రొనేట్, జోలెడ్రొనేట్ లాంటి సెలైన్ మందుల రకం) చికిత్స పేరుతో సహా ఉంది, ఆ పాలసీ కింద గుర్తించిన కేంద్రాల్లో హైదరాబాద్‌లోది సీడీఎఫ్‌డీ అనే జన్యు పరిశోధన సంస్థ, నిమ్స్ కలిసి నడిపేది. జన్యు పరీక్షకీ, పెద్ద నిర్ణయాలకీ ఎప్పుడైనా అక్కడికి వెళ్లండి. రోజువారీ చూడటానికి మాత్రం మనిషి దగ్గర్లో ఉండాలి, కాలు విరిగిన పిల్లని పెట్టుకుని హైవే మీద ఐదారు గంటలు పోలేం కదా.

ఇప్పుడు ఆ రెండు పేజీల కాగితం. దీన్ని మీ పిల్లల డాక్టర్ రాసివ్వాలి. తీరిక లేదంటే మీరే చిత్తు రాసి తీసుకెళ్లి దిద్దించి, సంతకం, స్టాంపు వేయించుకోండి, చాలామంది డాక్టర్లు దానికి సంతోషంగా ఒప్పుకుంటారు. జబ్బు పేరు, ఏ టైపు, జన్యు పరీక్ష చేయించి ఉంటే ఆ రిపోర్టులో రాసిన అక్షరాలు అంకెలు ఉన్నదున్నట్టుగా. సెలైన్‌లో ఎక్కించిన మందు పామిడ్రొనేటా, జోలెడ్రొనేటా, ఒక్కోసారి ఎంత డోసు, ఎన్ని నెలలకోసారి, ఆఖరిది ఏ తేదీన. మొదటిసారి ఎక్కించినప్పుడు జ్వరం వచ్చిందా, కాల్షియం పడిపోయిందా. ఎన్నిసార్లు విరిగిందన్నది తెలిసినంతవరకు చాలు. ఆపరేషన్ల వివరం మాత్రం గుచ్చి గుచ్చి అడగండి, ఏ ఎముకలో ఏ రాడ్డు, ఎదుగుతున్నకొద్దీ సాగే ఫేసియర్ దువాల్ రాడ్డా, మామూలు రష్ రాడ్డా, ఏ కంపెనీది, ఎంత సైజు. ఎందుకింత చాదస్తం అంటారేమో, రేపు ఆ రాడ్డు వంగితేనో, మార్చాల్సి వస్తేనో దానికి సరిపోయే సామాను ముందే తెప్పించుకోవాలి. బల్ల మీద కాలు తెరిచాక ఇదేం రాడ్డు అని వెతుక్కునే పరిస్థితి రాకూడదు.

ఆ కాగితంలో ఒక వాక్యం మాత్రం పెద్ద అక్షరాల్లో ఉండాలంటాను. పెద్దవాళ్ల ఎముక విరిగితే ప్లేటు పెట్టి స్క్రూలు బిగించడం మామూలు పద్ధతి. మామూలు ఎముకకి అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. పెళుసు ఎముకలో గట్టి ప్లేటు ఎక్కడ ఆగిపోతుందో సరిగ్గా అక్కడ మళ్లీ విరిగే ప్రమాదం ఉంటుంది, అందుకే పొడుగు ఎముకల్లో వీలైనంతవరకు ఎముక పొడవునా లోపల రాడ్డు వేయడానికే మొగ్గు చూపుతారు. అర్ధరాత్రి క్యాజువాలిటీలో ఉన్న కుర్ర డాక్టర్‌కి ఈ సంగతి తట్టకపోవచ్చు, పాపం ఆయన తప్పు కాదు. "ఈ పేషెంట్‌కి పెళుసు ఎముకల జబ్బు ఉంది, ఆపరేషన్‌కి ముందు ఫలానా సర్జన్‌తో మాట్లాడండి, మత్తు ఇచ్చేటప్పుడు మెడ జాగ్రత్త" అని రాసి ఉంటే ఒక ఫోన్ కాల్‌తో పోయేదానికి రెండో ఆపరేషన్ దాకా వెళ్లరు.

పాత ఎక్స్‌రే ఫిల్ములన్నీ మోసుకెళ్లక్కర్లేదు. ప్రతి రాడ్డు ఆపరేషన్‌కి ముందొకటి, తర్వాతొకటి, వెన్నుపూసది ఆఖరిది, చాలు. కాగితాలన్నీ స్కాన్ చేయించి అమ్మాయి ఫోన్‌లో పీడీఎఫ్‌గా ఉంచండి. వాట్సాప్‌లో పంపుకుని ఊరుకోవద్దు, ఫోన్ మారితే అవి ఉండవు.

ఇక అసలైన, కష్టమైన భాగం. పిల్ల. మా దగ్గర కుర్చీలో అమ్మాయి కూర్చుంటుంది, "ఎలా ఉందమ్మా?" అని నేను అమ్మాయినే అడుగుతాను, వెనక నుంచి తల్లి చెప్పేస్తుంది. అమ్మాయి ఫోన్ చూసుకుంటూ ఉంటుంది. దీనికి తల్లిని తప్పుపట్టలేం, ఎత్తుకుంటే ఎక్కడ విరుగుతుందోనని భయపడుతూ పెంచిన బిడ్డ, పదిహేడేళ్లుగా ప్రతి డాక్టర్‌కీ ఆమే జవాబు చెప్పింది. కానీ పద్దెనిమిది నిండిన మర్నాటి నుంచి ఆపరేషన్ ఒప్పుకోలు కాగితం మీద సంతకం అమ్మాయిదే, మీది కాదు. చట్టం ప్రకారం నిర్ణయం ఆమెదే అయినప్పుడు దేనికి సంతకం పెడుతోందో ఆమెకి తెలియాలి కదా.

ఈసారి పాత డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడే మొదలుపెట్టండి. మొదటి పది నిమిషాలు అమ్మాయిని ఒక్కతినే లోపలికి పంపండి, మీరు బయట బెంచీ మీద కూర్చోండి, తర్వాత లోపలికి వెళ్లి మిగిలినవి చెప్పండి. మొదటిసారి ఏమీ మాట్లాడకుండా బయటికి వస్తుంది, "మర్చిపోయాను" అంటుంది. ఫరవాలేదు. తర్వాతిసారికి చీటీ మీద రాసుకుని వెళ్తుంది. ల్యాబ్‌కి ఫోన్ చేసి రిపోర్టు అడగడం, మందుల షాపులో మందు పేరు తనే చెప్పడం, ఇలాంటి చిన్న పనులు ఆమెకే వదిలేయండి. జబ్బు పేరు తడుముకోకుండా చెప్పగలగాలి. తెలుగులోనా ఇంగ్లీషులోనా అన్నది ముఖ్యం కాదు, క్యాజువాలిటీలో డాక్టర్‌కి అర్థమైతే చాలు.

ఒక్కతినే లోపలికి పంపమనడానికి ఇంకో కారణం ఉంది. నెలసరి గురించి, మనసు బాలేకపోవడం గురించి, క్లాసులో ఎవరో ఎత్తు గురించి అన్న మాట గురించి, ఎవరినో ఇష్టపడుతున్న సంగతి గురించి పిల్లలు తల్లి ముందు అడగరు. ఈ జబ్బున్న పిల్లల్లో నొప్పిని దాచుకునే అలవాటు కూడా ఎక్కువ, చెప్తే మళ్లీ కట్టు, మళ్లీ మంచం, మళ్లీ అమ్మ ఏడుపు అని. డాక్టర్ ఒంటరిగా అడిగితేనే అవి బయటికి వస్తాయి. మీకు ఇది కొంచెం బాధగా ఉంటుందని తెలుసు.

మందు కొనసాగించాలా ఆపాలా అన్నది కొత్త డాక్టర్ ఒక్కరే, మొదటి రోజే తేల్చే విషయం కాదు, పాత డాక్టర్‌తో మాట్లాడుకుని తేల్చాలి. పామిడ్రొనేట్, జోలెడ్రొనేట్ లాంటివి ఎముక అరుగుదలని ఆపుతాయి, ఎదిగే పిల్లల్లో వాటి ఉపయోగం బాగా కనపడుతుంది. ఎదుగుదల ఆగాక చాలామందిలో డోసులు దూరం చేస్తారు, లేదా కొన్నాళ్లు ఆపి చూస్తారు. ఈ మందు ఎముకలో ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది కాబట్టి ఒక డోసు ఆలస్యమైతే కొంప మునగదు. పెద్దవాళ్లలో వీటివల్ల ఎముక సాంద్రత పెరుగుతుందని తెలుసు గానీ విరగడం తగ్గుతుందన్న రుజువు అంత గట్టిగా లేదు. అందుకే "చిన్నప్పటి నుంచి ఎక్కిస్తున్నారు కదా, ఎక్కిస్తూనే ఉందాం" అన్నదీ సరికాదు, "పెద్దదైంది కదా, ఆపేద్దాం" అన్నదీ సరికాదు. వెన్నుపూసలు కుంగుతున్నాయా, ఈ రెండేళ్లలో నొప్పి ఎలా ఉంది, త్వరలో పెళ్లి ఆలోచన ఉందా, ఇవన్నీ చూసి నిర్ణయించాలి. చాలా ఏళ్లు వాడినవాళ్లలో తొడ ముందువైపునో గజ్జలోనో కొత్తగా నొప్పి మొదలై తగ్గకపోతే మాత్రం ఎక్స్‌రే తీయించుకోవాల్సిందే, ఈ మందుల వల్ల అరుదుగా తొడ ఎముకకి ఒక రకమైన సన్నని పగులు వస్తుంది. పన్ను పీకించుకునే పని ఉంటే ముందుగా డెంటిస్ట్‌కి ఈ మందు సంగతి చెప్పాలి, కొత్త డోసుకి ముందే పళ్ల పని పూర్తి చేసుకోవడం మేలు.

ఇంకో మందు ఉంది, డెనోసుమాబ్, ఆర్నెల్లకోసారి పొట్ట మీదో చేతికో చర్మం కింద ఇచ్చే ఇంజెక్షన్. పెద్దవాళ్ల ఎముకల అరుగుదల జబ్బులో బాగా వాడతారు కాబట్టి ఎవరైనా మీకూ రాయొచ్చు. ఆలస్యమైనా ఫరవాలేదన్న విషయంలో అది సెలైన్ మందుకి పూర్తిగా తిరగేసి ఉంటుంది, మధ్యలో మానేస్తే ఎముక ఒక్కసారిగా కరిగి వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది. హాస్టల్లో ఉండి తేదీలు మర్చిపోయే వయసు పిల్లకి అది మొదలుపెట్టే ముందు రెండుసార్లు ఆలోచించాలి.

ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కానింగ్ గురించి ఒక హెచ్చరిక. రిపోర్టు మీద టీ స్కోరు చూసి "ఆస్టియోపోరోసిస్, చాలా ఎక్కువగా ఉంది" అని కింద ప్రింటు వస్తుంది, ఇల్లంతా టెన్షన్. టీ స్కోరు నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకీ, యాభై దాటిన మగవాళ్లకీ. మీ అమ్మాయి వయసులో చూడాల్సింది జెడ్ స్కోరు, అంటే అదే వయసువాళ్లతో పోల్చి చెప్పే లెక్క. ఎత్తు తక్కువుంటే యంత్రం సాంద్రతని ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది, తొడలో రాడ్డు ఉంటే ఆ పక్క కొలత పనికిరాదు. ఒకే చోట, ఒకే యంత్రం మీద ఏళ్ల వారీగా పోల్చుకుంటేనే దానికి అర్థం.

ఇక్కడ పెళుసు ఎముకలు కాకుండా వేరే జబ్బున్న పిల్లల తల్లిదండ్రులకి రెండు మాటలు, ఎందుకంటే అన్నిటికీ ఒకే నియమం వర్తించదు. ఎక్స్‌ఎల్‌హెచ్, అంటే ఫాస్ఫేట్ మూత్రంలో పోవడం వల్ల వచ్చే వంశపారంపర్య రికెట్స్ ఉన్న పిల్లలకి ఎదుగుదల ఆగగానే "ఇక మందు అక్కర్లేదు" అని చెప్పేవాళ్లున్నారు. కొందరికి నిజంగానే ఆపొచ్చు, కానీ నొప్పులు, సన్నని పగుళ్లు, పుచ్చు లేకుండానే పంటికి చీము పట్టడం ఉన్నవాళ్లకి పెద్దయ్యాక కూడా మందు కావాలి. ఫాస్ఫేట్ వాడితే దాంతోపాటు విటమిన్ డి రకం మందులైన కాల్సిట్రియాల్ లేదా ఆల్ఫాకాల్సిడాల్ ఉండాల్సిందే, ఫాస్ఫేట్ ఒక్కటే ఏళ్లపాటు వాడితే పారాథైరాయిడ్ గ్రంథి అదుపు తప్పుతుంది. ఏడాదికో రెండేళ్లకో కిడ్నీ స్కానింగ్ కూడా. 2018 నుంచి అమెరికా, యూరప్‌లలో వాడుకలో ఉన్న బురోసుమాబ్ మంచి మందే, ఖరీదు మాత్రం మనబోటివాళ్లకి అందేది కాదు. రెండోది హైపోఫాస్ఫటేసియా, ఇదీ జన్యువుల వల్ల వచ్చే ఎముకల జబ్బే. రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ ఎక్కువుంటే ల్యాబ్ గీత గీసి చూపిస్తుంది, తక్కువుంటే ఎవరూ పట్టించుకోరు. ఈ జబ్బులో అది తక్కువుంటుంది. ఎముకలు పలచగా ఉన్నాయని వీళ్లకి బిస్‌ఫాస్ఫొనేట్ ఇస్తే మేలు జరగకపోగా తొడ ఎముకలు విరిగే ప్రమాదముంది. పిల్లల డాక్టర్ రాసిన జబ్బు పేరు కొత్త డాక్టర్ దాకా చేరాల్సింది ఇందుకే.

మళ్లీ మీ అమ్మాయి దగ్గరికి వస్తాను. ఇప్పుడొకసారి చెవి పరీక్ష చేయించి ఆ గ్రాఫు ఫైల్లో పెట్టండి, తర్వాత రెండు మూడేళ్లకోసారి, బాగానే వినపడుతోందనిపించినా సరే. గుండె ఎకో ఒకటి. వెన్ను వంకర ఉంటే ఊపిరితిత్తుల సామర్థ్యం పరీక్ష తప్పనిసరి, తీవ్రంగా ఉన్నవాళ్లలో ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా ఊపిరే. తల వెనక భాగంలో, దగ్గినప్పుడు తుమ్మినప్పుడు పెరిగే నొప్పి, చేతుల్లో తిమ్మిరి వస్తే ఆలస్యం చేయకుండా చూపించండి. విటమిన్ డి చూసుకుంటూ ఉండాలి, మన ఎండలు చూసి ఎవరికీ తక్కువుండదనుకుంటాం గానీ పొద్దున్న ఆరు నుంచి రాత్రి పది దాకా కాలేజీ గోడల మధ్య ఉండే ఇంటర్ పిల్లలకి ఎండ ఎక్కడ తగులుతుంది?

హాస్టల్లో పెట్టొచ్చా అంటే, పెట్టండి. భయంతో తెనాలిలోనే సీటు చూడకండి. కాకపోతే చేరకముందు మీరూ అమ్మాయీ వెళ్లి బాత్‌రూమ్ నేల చూడండి, ఈ పిల్లలు జారిపడేది ఎక్కువగా అక్కడే. కింది అంతస్తులో గది, లేదా పనిచేసే లిఫ్టు, కూర్చునే టాయిలెట్, రెండంతస్తుల మంచమైతే కిందిది, ఇవి ముందే కాగితం మీద రాసివ్వమనండి, నోటిమాట కాలేజీ తెరిచేదాకా ఎవరికీ గుర్తుండదు. వార్డెన్‌కీ, పక్క మంచం అమ్మాయికీ ఒక్క సంగతి చెప్పి ఉంచాలి, పడితే చేతులు పట్టి లేపొద్దు, విరిగిన చోటు అటూ ఇటూ కదలకుండా అట్టముక్కో స్కేలో పెట్టి గుడ్డ చుట్టి, 108కి ఫోన్ చేసి, ఆమె ఫోన్‌లో ఉన్న కాగితం ఆసుపత్రిలో చూపించాలి. చుట్టాల్లో ఎవరో ఒకరు పుత్తూరు కట్టు వేయిద్దామంటారు. మామూలు ఎముకల సంగతి వాళ్ల ఇష్టం, ఈ ఎముకలకి మాత్రం లాగి సరిచేసే పద్ధతి వద్దే వద్దు.

వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్ ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే సచివాలయంలో గానీ మీసేవలో గానీ స్లాట్ తీసుకోండి, ఉంటే దాని మీద గడువు తేదీ చూడండి. నలభై శాతం గానీ ఆ పైన గానీ ఉంటే 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో ఐదు శాతం సీట్లు ఆ కోటాలో ఉంటాయి, కౌన్సెలింగ్‌కి ముందే చేతిలో ఉండాలి. ఎన్టీఆర్ భరోసా కింద 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను నెలకి 6,000, దానికి మిగతా అర్హతలు కూడా చూస్తారు. ఇన్సూరెన్స్ పాలసీలో మీతో కలిపి ఉంటే సాధారణంగా ఇరవై అయిదు దాకా ఉంచుతారు, ఆ తర్వాత వేరే పాలసీకి మారేటప్పుడు మధ్యలో గ్యాప్ రానివ్వకండి, జబ్బు సంగతి దాచకండి.

ఇక మీరు మొహమాటపడి అడిగింది. పెళ్లి చేసుకోవచ్చు, పిల్లల్ని కనొచ్చు, ఎంతోమంది కన్నారు. మీ అమ్మాయిది కోల్1ఎ1, కోల్1ఎ2 రకమే అయితే ఆమెకి పుట్టే ప్రతి బిడ్డకీ ఈ జబ్బు వచ్చే అవకాశం సగానికి సగం. మీ ఇద్దరికీ లేకుండా మీ అమ్మాయికి వచ్చిందంటే జన్యువులో తేడా ఆమెతోనే కొత్తగా మొదలై ఉండొచ్చు, లేదా మీ ఇద్దరి దగ్గరా చెరొక సగం దాగి ఉండి కలిసి వచ్చిన అరుదైన రకం కావచ్చు. ఆ రెండోది మేనరికాల్లో, దగ్గరి సంబంధాల్లో ఎక్కువ. ఆ రకమైతే లెక్క పూర్తిగా మారిపోతుంది, ఆమె బయట సంబంధం చేసుకుంటే పిల్లలకి వచ్చే అవకాశం చాలా తక్కువ, మళ్లీ మీ కుటుంబంలోనే చేసుకుంటే ఎక్కువ. కాబట్టి పెళ్లిచూపుల మాట ఎత్తకముందే జన్యు పరీక్ష చేయించి ఉంచండి. బిడ్డ కావాలనుకున్నప్పుడు చాలా ముందుగానే చెప్తే ఎముకల మందు ఆపడం, ఊపిరితిత్తులు, కటి ఎముక చూడటం, గైనకాలజిస్ట్‌తో, మత్తు డాక్టర్‌తో ముందే మాట్లాడటం కుదురుతుంది. అందరికీ సిజేరియనే అన్న నియమం లేదు, నడుము, కటి ఎముక ఎలా ఉన్నాయన్నదాన్ని బట్టి. పిల్లలు ఇప్పుడే వద్దనుకుంటే ప్రభుత్వాసుపత్రుల్లో ఇచ్చే అంతర ఇంజెక్షన్ మాత్రం ఈమెకి సరిపడదు, అది ఎముక సాంద్రతని తగ్గిస్తుంది, వేరే పద్ధతులున్నాయి. అబ్బాయి తరఫువాళ్లకి జబ్బు సంగతి చెప్పాలా అని కూడా మీ మనసులో ఉండే ఉంటుంది, నా అభిప్రాయం అడిగితే చెప్పాలి, అదీ మీరు కాదు, అబ్బాయితో అమ్మాయే చెప్పాలి.

మీది మేనరికమా, జన్యు పరీక్ష ఎప్పుడైనా చేయించారా, ఆఖరి సెలైన్ ఎప్పుడు ఎక్కించారు, ఈ మూడూ రాయండి. వీలైతే మీ అమ్మాయినే రాయమనండి. వాటిని బట్టి మందు దూరం చేయడం గురించి కొత్త డాక్టర్‌ని ఏమేం అడగాలో చెప్తాను.